గట్టు, తూము, గండి: గుండెలో కరెంటు దారులు

(శరీర నిర్మాణ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఆచార్యుడు, గ్రంథాలయ సభా మందిరంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తప్ప మరేమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు జరిగితే బాగుంటుంది, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద పళ్లెంలో తెల్ల గుడ్డ కప్పి పెట్టింది ఏమిటా అని వచ్చినప్పటినుంచీ చూస్తున్నారు. పొట్టేలు గుండె అండీ. పొద్దున్నే మాంసం కొట్టుకు వెళ్లి తెచ్చాను. "ముక్కలు కొట్టి ఇవ్వమంటారా" అని అడిగాడు కొట్టు అబ్బాయి. వద్దు నాయనా, కోసుకోవడమే నాకు పని అన్నాను. ఆ గుడ్డ చివర్లో తీస్తాను. చూడలేనివాళ్లు అప్పుడు బయటికి వెళ్లి టీ తాగవచ్చు, నేనేమీ అనుకోను.

ముందు ఒక ప్రశ్న. గోడకు మేకు కొట్టబోయి లోపలి కరెంటు తీగ తెంపినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... అదిగో, అమ్మగారు తన చెయ్యి ఎత్తకుండా పక్కనున్న ఆయన చెయ్యి పట్టుకుని ఎత్తుతున్నారు. సరే, నా చెయ్యి కూడా ఎత్తుతున్నాను. మేముండే అపార్ట్‌మెంటులో మా వాటా, పైవాటా ఒకే ప్లాను. పైవాటా ఆయన హాల్లో స్విచ్‌బోర్డుకు జానెడు పక్కన డ్రిల్లు పెట్టి గడియారం తగిలించుకున్నారు. ఏమీ కాలేదు. సరిగ్గా అదే చోట మా నాన్నగారి ఫోటో తగిలిద్దామని నేను డ్రిల్లు పెట్టాను. ఇల్లంతా చీకటి. ఎలక్ట్రీషియన్ వచ్చి నవ్వాడు. "ప్లాను ఒకటే సార్. పైపు వేసినవాడు ఆ రోజు ఎటునుంచి లాగాడో ఆ గోడకే తెలియాలి" అన్నాడు. డిసెక్షన్ హాల్లో ఏళ్ల తరబడి పిల్లలకు ఎక్కించాలని నేను తంటాలు పడ్డ సంగతిని ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ గోడ లోపలి తీగ గురించే. గుండెకు ప్లాను ఒకటే. తీగ మాత్రం ఏ గుండెలో ఎటునుంచి లాగారో ఆ గుండెకే తెలియాలి.

కరెంటు అన్నాను కాబట్టి ఒక మాట. ఇది మన ఇంటి కరెంటు కాదు. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు కణాల పొరలు దాటి లోపలికీ బయటికీ పోవడం వల్ల పుట్టే చిన్న విద్యుత్తు. తీగ అన్నాను కానీ అది నరం కూడా కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. గుండెలో ఈ సంకేతాన్ని మోసేవి కండర కణాలే. లాగి ముడుచుకునే పని తగ్గించుకుని, కబురు మోసే పనిలో ఆరితేరిన కండర కణాలు. నరాలు వచ్చి వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. ఒకరి గుండె తీసి మరొకరికి అమర్చినప్పుడు నరాలన్నీ తెగిపోతాయి కదా, మరి ఆ గుండె ఎలా కొట్టుకుంటోంది? తన తీగలు తనలోనే ఉన్నాయి కాబట్టి.

ఇప్పుడు దారి చెబుతాను. గోదావరి, కృష్ణా కాలువల పక్కన పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. పైన రెండు గదులు, కర్ణికలు. కింద రెండు గదులు, జఠరికలు. కుడి కర్ణిక పైన, ఊర్ధ్వ మహాసిర వచ్చి కలిసే చోట ఒక చిన్న కండరపు ముద్ద ఉంది. అదే ఎస్‌ఏ నోడ్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాన్ని కణుపు అన్నారు, సిరాకర్ణికా కణుపు. చెరకు కణుపు గుర్తుకొస్తోందా? నాకు ఆ మాట ఇష్టం, కానీ ఈసీజీ తీసే చోట ఎవరూ అలా అనరు కాబట్టి నేనూ నోడ్ అనే అంటాను. నిమిషానికి 70 సార్లు అక్కడ నిప్పురవ్వ రాజుకుంటుంది. రోజుకు ఎన్ని? 70 ని 60 తో, ఆ వచ్చినదాన్ని 24 తో గుణించండి. 1,00,800. సెలవు లేదు.

ఆ రవ్వనుంచి లేచిన విద్యుత్తు కెరటం రెండు కర్ణికలూ తడుపుకుంటూ కిందికి వస్తుంది. వచ్చి ఆగిపోతుంది. ఎందుకు? కర్ణికలకూ జఠరికలకూ మధ్య గట్టు ఉంది. కవాటాల చుట్టూ పీచుకణజాలంతో కట్టిన గట్టు. దానిలోంచి విద్యుత్తు పారదు. ఆ గట్టుకు ఒకే ఒక్క తూము. ఒకే ఒక్కటి, గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఆ తూముకు ముందు ఏవీ నోడ్ ఉంది. లాకు దగ్గర పడవ ఆగినట్టు కెరటం అక్కడ సెకనులో పదో వంతు దాకా ఆగుతుంది. కర్ణికల్లో రక్తం పూర్తిగా కిందికి దిగడానికి ఆ వ్యవధి కావాలి. తర్వాత తూము, అంటే హిస్ కట్ట. అది దాటగానే రెండు కాలువలు, కుడి శాఖ, ఎడమ శాఖ. వాటినుంచి పిల్లకాలువలు, బోదెలు, పుర్కింజే తంతువులు. ఏవీ నోడ్‌లో సెకనుకు అయిదు సెంటీమీటర్లు నడిచిన సంకేతం, పుర్కింజే తంతువుల్లోకి వచ్చేసరికి సెకనుకు రెండు నుంచి నాలుగు మీటర్లు పరుగెత్తుతుంది. దారి ఇంతే. ఏ పుస్తకం తెరిచినా ఈ బొమ్మ ఉంటుంది, పసుపు రంగులో.

ఆ పసుపు రంగే మనల్ని మోసం చేసింది. నిజం గుండెలో పసుపు రంగు లేదండీ! ఎరుపులో ఎరుపు. మనిషి గుండెను కోసి ఎదురుగా పెట్టుకుంటే ఎస్‌ఏ నోడ్ ఏది, ఏవీ నోడ్ ఏది అనేది మామూలు కంటికి తెలియదు. అందుకే ఇంత ఆలస్యంగా దొరికింది. పుర్కింజే 1839లో గొర్రె గుండె లోపలి పొర కింద బూడిదరంగు దారాల వల చూశాడు. అవి దేనికో ఆయనకు తెలియదు. 1893లో విల్హెల్మ్ హిస్ ఆ తూమును చూశాడు. అదే 1893లో స్టాన్లీ కెంట్ ఇంకేవో వంతెనలు చూశానన్నాడు, ఆయన సంగతి తర్వాత. అసలు పని చేసింది సునావో తవారా. జపాన్‌నుంచి 1903లో జర్మనీ వెళ్లి, మార్బుర్గ్‌లో లుడ్విగ్ అషాఫ్ దగ్గర చేరాడు. చేరింది దీని కోసం కాదు, గుండె కండరం వాపు గురించి చదవడానికి. కానీ గుండెను పల్చటి పొరలుగా కోస్తూ, ఒక్కో పొరనూ రంగులో ముంచి సూక్ష్మదర్శిని కింద పెడుతూ, నిన్నటి పొరలో కనపడ్డ చుక్క ఈ రోజు పొరలో ఎటు జరిగిందో చూస్తూ పోయాడు. అలా పోతే నోడ్ తగిలింది, నోడ్‌నుంచి కట్ట, కట్టనుంచి శాఖలు, శాఖలనుంచి పుర్కింజే వల. అరవై ఏళ్లకు పైగా ఎవరికీ అర్థంకాని ఆ వల, ఈ చెట్టు కొమ్మల చివర అని తేలింది. 1906లో పుస్తకం అచ్చయింది. అప్పటికి ఆయనకు ముప్ఫై మూడు దాటలేదు.

మరుసటి ఏడు ఎస్‌ఏ నోడ్ సంగతి అచ్చయింది. అది దొరికింది ఇంగ్లండులో ఆర్థర్ కీత్ అనే ఆచార్యుడి పల్లెటూరి ఇంట్లో. ఆయన భార్యతో కలిసి సైకిలు మీద షికారుకు వెళ్లాడు. ఇంట్లో వదిలివెళ్లిన శిష్యుడు మార్టిన్ ఫ్లాక్, బొరియలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండె పొరలు చూస్తూ కూర్చున్నాడు. గురువు తిరిగి వచ్చేసరికి శిష్యుడు గెంతుతున్నాడు. గురువులు అప్పుడప్పుడు షికారుకు వెళ్లాలి, ఇక్కడ అధ్యాపకులు ఎవరైనా ఉంటే వినండి.

సరే, చరిత్ర చాలు. తీగ ఒక్కొక్కరిలో ఎలా మారుతుందో చూద్దాం.

ఎస్‌ఏ నోడ్‌తో మొదలుపెడదాం. పెద్దవాళ్లలో ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు, నెలవంక ఆకారం. చాలామందిలో ఆ మహాసిర ముఖద్వారానికి పక్కగా పడుకుని ఉంటుంది. పదిమందిలో ఒకరికి మాత్రం కర్ణిక శిఖరం దాటి అవతలికి కూడా వాలి, గుర్రపు నాడాలా ఉంటుంది. దానికి రక్తం తెచ్చే చిన్న ధమని ఉంది. అది సుమారు 60 శాతం మందిలో, గుండె కండరానికి రక్తమిచ్చే కుడి కరోనరీ ధమనినుంచి వస్తుంది, 40 శాతం మందిలో ఎడమవైపు నుంచి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 60, 40 అంటే ఏమిటి? ఇందులో ఏది మామూలు? 40 శాతం మందిని పట్టుకుని మీది అసాధారణం అనగలమా? పరీక్షలో మాత్రం "కుడి కరోనరీ" అని రాస్తేనే మార్కు. నేనే వేశానండీ ఆ మార్కులు.

ఏవీ నోడ్ ధమని అలా కాదు, పదింట ఎనిమిది తొమ్మిది మందిలో కుడివైపు నుంచే. అందుకే గుండె అడుగు గోడకు గుండెపోటు వచ్చినప్పుడు, అంటే ఎక్కువగా కుడి కరోనరీ మూసుకుపోయినప్పుడు, లాకు కూడా కొంతసేపు పనిచేయడం మానేస్తుంది. నాడి నిమిషానికి నలభైకి పడిపోతుంది. చాలామందిలో కొద్ది రోజుల్లో కోలుకుంటుంది. ముందు గోడ గుండెపోటులో అడ్డంకి వస్తే కథ వేరు, అక్కడ దెబ్బతినేది తూము కింది కాలువలు, అది మొండిది. ఇద్దరికీ గుండెపోటే, ఇద్దరికీ హార్ట్ బ్లాకే. మనవాళ్లు ధమని పూడికను కూడా బ్లాకు అంటారు, కరెంటు ఆగడాన్నీ బ్లాకు అంటారు. రెండూ వేరు. ఇంటికి నీళ్ల పైపు పూడిపోవడం వేరు, కరెంటు తీగ తెగడం వేరు.

ఎస్‌ఏ నోడ్‌నుంచి ఏవీ నోడ్‌కు కర్ణికలో మూడు దారులున్నాయని కొన్ని పుస్తకాలు గీస్తాయి. 1963లో థామస్ జేమ్స్ వాటిని వర్ణించాడు. చాలా ఏళ్లు నేనూ బోర్డు మీద మూడు గీతలు గీశాను. తర్వాత మానేశాను. ఎందుకంటే 1910లోనే, ఎర్లాంగెన్‌లో జరిగిన సమావేశంలో అషాఫ్, మోన్కెబర్గ్ కొన్ని షరతులు పెట్టారు. తీగ అని పిలవాలంటే అది పక్క కండరంకంటే వేరుగా కనపడాలి, ఒక పొరనుంచి మరో పొరకు వరుసగా వెంబడించగలగాలి, చుట్టూ పీచు తొడుగు ఉండాలి. హిస్ కట్ట, శాఖలు మూడు షరతులూ నెగ్గుతాయి. నోడ్‌లు మొదటి రెండూ నెగ్గుతాయి. కర్ణికలోని మూడు దారులకు తొడుగు లేదు, వేరుగా కనపడవు. నీరు పల్లం చూసుకుని పోయినట్టు కెరటం కండరపు పోగులు వెళ్లే దిక్కున తొందరగా పోతుంది, అంతే. దాన్ని కాలువ అనలేం. ఆ మూడు గీతలు నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు క్షమాపణలు చెబుతున్నాను.

ఇప్పుడు తూము. నాకు బాగా ఇష్టమైన చోటు, అందుకని కాస్త ఎక్కువసేపు ఉంటాను.

రెండు జఠరికల మధ్య నడిమి గోడ ఉంది కదా. అది దాదాపు అంతా చిటికెనవేలంత మందం కండరం. పైన, బృహద్ధమని కవాటానికి కిందగా మాత్రం ఒక చిన్న చోట కండరం ఉండదు. పల్చటి పొర, అంతే. మొదటిసారి మా గురువుగారు నాకు దాన్ని చూపించిన తీరు చెబుతాను. దేహదానం చేసిన ఒక పెద్దాయన గుండె. గదిలో దీపాలన్నీ ఆర్పించారు. గుండె ఎడమ భాగంలోకి చిన్న టార్చిలైటు దూర్చి, కుడి భాగం నా వైపు తిప్పారు. అంతా నల్లగా ఉంది. ఒక్క చోట, కందిబద్దకు కొంచెం పెద్దగా, నారింజరంగు కాంతి. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపంలా. "చూశావా? ఆ వెలుగు కింది అంచు వెంబడే ప్రాణం నడుస్తుంది" అన్నారు. ఇప్పటికీ ఎవరైనా హిస్ కట్ట అంటే నాకు ఆ నారింజరంగే కళ్ల ముందుకు వస్తుంది.

కింది అంచు వెంబడి. గురువుగారు అలా చెప్పారు, నేనూ అలాగే చెప్పాను. అంచు వెంబడి అంటే సరిగ్గా ఎక్కడ? 2005లో కవాషిమా, ససాకి అనే ఇద్దరు జపాన్ శాస్త్రజ్ఞులు వయసు మళ్లినవారి 105 గుండెలు తీసుకుని, భూతద్దాల కింద ఆ కట్టను చేత్తో వలిచి చూశారు. దాదాపు 47 శాతం గుండెల్లో కట్ట ఆ అంచు వెంబడే, పైన పల్చటి కండరపు దుప్పటి కప్పుకుని ఉంది. పుస్తకంలో బొమ్మ ఇదే. 32 శాతంలో అంచుకు దూరంగా కండరంలోకి దిగిపోయి ఉంది. మిగిలిన 21 శాతంలో పైన దుప్పటే లేదు, గుండె లోపలి పల్చటి పొర కిందే, పొర గోడ మీదికి ఎక్కి, బట్టబయలుగా ఉంది. పుస్తకం బొమ్మ సగం మందికి కూడా వర్తించలేదు! అందులో ఎవరికీ ఈ కారణంగా జబ్బు లేదు. ఎవరి తీగ వారికి చక్కగా పనిచేసింది, గోడ లోపల ఉన్నంత కాలం, ఎవరూ డ్రిల్లు పెట్టనంత కాలం.

మరి డ్రిల్లు పెడితే? ఇప్పుడు పెద్ద వయసువాళ్లకు ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళం ద్వారా బృహద్ధమని కవాటం అమరుస్తున్నారు, మీ బంధువుల్లో ఎవరికైనా చేసే ఉంటారు. ఆ కొత్త కవాటానికి లోహపు చట్రం ఉంటుంది. అది విచ్చుకుని గోడకు ఒత్తుకుంటుంది. ఎక్కడ ఒత్తుకుంటుంది? సరిగ్గా ఆ కందిబద్ద చోటనే. కింద కట్ట కండరంలో లోతుగా ఉంటే బతికిపోతుంది. బట్టబయలుగా ఉంటే నలిగిపోతుంది. అందుకే కవాటం బాగా కూర్చున్నా కొందరికి గుండెను నడిపే చిన్న పరికరం, పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తోంది. స్కానులో కట్ట కనపడదు. పొర గోడ కనపడుతుంది. దాని పొడవు కొలిచి, పొట్టిగా ఉంటే జాగ్రత్త పడతారు. తీగ కనపడదు కాబట్టి స్విచ్‌బోర్డు చూసి అంచనా వేయడం, అంతే.

పసిపిల్లల విషయంలో ఇదే కథ ఇంకా కఠినంగా నడిచింది. నడిమి గోడకు పుట్టుకతో రంధ్రం ఉంటుంది కొందరికి. 1954లో అమెరికాలో మినియాపొలిస్ నగరంలో వాల్టన్ లిల్లెహై ఆ రంధ్రాలు మూయడం మొదలుపెట్టాడు. గుండె-ఊపిరితిత్తుల యంత్రం అప్పటికి ఇంకా చేతికి రాలేదు. బిడ్డ రక్తనాళాలను తండ్రి రక్తనాళాలకు కలిపి, తండ్రి గుండెనే యంత్రంగా వాడుకున్నాడు. ఎంత ధైర్యం చూడండి. రంధ్రం మూతపడేది. కానీ కొందరు పిల్లల్లో చివరి కుట్టు బిగించగానే నాడి పడిపోయేది. ఎందుకు? రంధ్రం పొర గోడ చోట ఉన్నప్పుడు, కట్ట ఆ రంధ్రం వెనక కింది అంచు మీదుగా పోతుంది. వైద్యుడు కుడివైపు నుంచి చూస్తాడు, అంచు ఎర్రగా గట్టిగా ఉంటుంది, సూది దిగడానికి బాగుంటుంది. ఆ సూదే తీగలో దిగేది. నోరులేని గోడకు మేకు కొట్టినట్టే. అలా నాడి పడిపోయిన తొలి పిల్లలు బతకలేదు.

తర్వాత గుండె మీద తీగ కుట్టి, బయట గోడ ప్లగ్గులో పెట్టిన పరికరంతో నడిపారు. 1957 అక్టోబరు 31న ఆ నగరంలో కరెంటు పోయింది. ఇక్కడ మనకు కరెంటు పోవడం కొత్త కాదు, కానీ గుండెకు ప్లగ్గు ఉన్న పిల్లల సంగతి ఆలోచించండి. లిల్లెహై తన ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ఎర్ల్ బాకెన్ అనే ఇంజనీరును పిలిచి బ్యాటరీతో నడిచేది చేయమన్నాడు. ఆయన ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో చూసిన మెట్రొనోమ్ సర్క్యూట్, సంగీతం నేర్చుకునేవాళ్లకు టిక్కుటిక్కుమని తాళం చెప్పే పెట్టె ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకుని కొద్ది వారాల్లో అరచేతిలో ఇమిడే పేస్‌మేకర్ చేశాడు. తాళం వేసే పెట్టె గుండెకు తాళం వేసింది. ఇంకోవైపు మారిస్ లెవ్ లాంటి శాస్త్రజ్ఞులు, ఏ రకం లోపమున్న గుండెలో తీగ ఎటు పోతుందో వేల పొరలు కోసి పటాలు గీశారు. ఆ పటాలు చూసి కుట్టు ఎక్కడ వేయకూడదో నేర్చుకున్నాక ఈ ప్రమాదం బాగా తగ్గిపోయింది. పేస్‌మేకర్ పేరు అందరికీ తెలుసు. ఈ పటాల సంగతి ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను.

పటం తలకిందులయ్యే గుండెలు కూడా ఉన్నాయి. కొందరిలో జఠరికలు కుడిఎడమలు మారి పుడతాయి, ధమనులు కూడా మారతాయి కాబట్టి రక్తం సరిగ్గానే తిరుగుతుంది. చాలా ఏళ్లు ఏమీ తెలియదు. కానీ వాళ్లలో తూము ఉండాల్సిన చోట ఉండదు. పనిచేసే ఏవీ నోడ్ ముందుకు, పైకి వచ్చి ఉంటుంది. అక్కడినుంచి కట్ట పొడుగ్గా, చుట్టు తిరిగి దిగుతుంది. పొడుగు తీగ, బలహీనమైన తీగ. ఏడాదికి సుమారు 2 శాతం మందిలో అది తనంతట తానే తెగిపోతుంది, ఎవరూ ముట్టుకోకుండా. ఇంకొందరిలో కర్ణికలు రెండూ కుడి కర్ణికల్లాగే పుడతాయి, అప్పుడు ఎస్‌ఏ నోడ్‌లు రెండు. రెండూ ఎడమ కర్ణికల్లాగే పుడితే? నోడ్ సరైన చోట దొరకదు, ఒక్కోసారి అసలు ఉండదు. దీని మీద ఒక పూటంతా మాట్లాడవచ్చు, కానీ గడియారం చూపిస్తున్నారు కార్యదర్శిగారు.

ఎడమ శాఖ గురించి మాత్రం చెప్పే వెళ్తాను. కుడి శాఖ సన్నటి తాడు, ఒంటరిది. ఎడమ శాఖ అలా కాదు, గోడ మీద పరుచుకుని జారే నీటి పలక లాంటిది. అది ఎన్నిగా చీలుతుంది? 1960ల చివర్లో బ్యూనస్ ఏరీస్‌లో మౌరీసియో రోసెన్‌బామ్ బృందం రెండు పాయలు అంది, ముందుది, వెనకది. ఈసీజీ చదవడానికి ఆ లెక్క చక్కగా పనికొచ్చింది, ఈ రోజుకూ పనికొస్తోంది. కానీ తవారా 1906లో గీసిన బొమ్మల్లోనే పాయల మధ్య అల్లిక ఉంది. 1972లో బెల్జియంలో డెమూలాన్, కుల్బెర్టస్ 20 గుండెలు చూసి ఒక్కోదాని అల్లిక విడివిడిగా గీశారు. చాలా వాటిలో మధ్య పాయ ఉంది, అదీ ఒక్కోదానిలో ఒక్కో చోటునుంచి పుట్టింది. ఆ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే చేతి గీతలు చూసినట్టుంటుంది. రెండు పాయలు అనేది అబద్ధం కాదు. లెక్క కుదరడానికి మనం పెట్టుకున్న కుదింపు. ఈసీజీ చదివేవాడికి అది చాలు, గుండె లోపల పని చేసేవాడికి చాలదు.

ఇక గండి. మొదట్లో ఏమన్నాను? గట్టుకు ఒకే తూము అన్నాను. పిండంలో గుండె మొదలైనప్పుడు ఆ గట్టు లేదు, పైగది కండరం కిందిగది కండరంలో కలిసే ఉండేది. తర్వాత పీచుకణజాలం పెరిగి గట్టు కడుతుంది. కట్టడంలో ఎక్కడో వెంట్రుకవాసి సందు మిగిలిపోతే? అక్కడినుంచి కరెంటు జారుతుంది, లాకు దగ్గర ఆగకుండా. 1893లో కెంట్ చూసిన వంతెనలన్నానే, ఆయన అవి అందరిలో ఉంటాయని, మామూలు దారి అవేనని పొరపడ్డాడు. పొరపాటు పోయింది, పేరు నిలిచింది, కెంట్ కట్ట అని. 1930లో వుల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ కలిసి 11 మంది గురించి రాశారు. అప్పుడప్పుడు గుండె దడదడమని పరుగెత్తేవాళ్లు, మిగతా వేళల్లో ఆరోగ్యవంతులు, ఈసీజీ మాత్రం వింతగా ఉంది. అది గండి జాడ. వెయ్యిమందిలో ఒకరినుంచి ముగ్గురికి ఈ రకం ఈసీజీ ఉంటుంది. చాలామందికి జీవితంలో ఏమీ కాదు. కొందరిలో కరెంటు తూములోంచి దిగి గండిలోంచి పైకెక్కి మళ్లీ తూములోంచి దిగుతుంది. గానుగెద్దు తిరిగినట్టు. అప్పుడు నాడి నిమిషానికి రెండు వందలు.

1968లో విల్ సీలీ అనే శస్త్రవైద్యుడు, అమెరికాలో ఉత్తర కరోలినాకు చెందిన ఒక జాలరి గుండె తెరిచి ఆ గండి పూడ్చాడు. ఇప్పుడు తెరవడం లేదు. తొడ సిరలోంచి సన్నటి తీగ పంపి, గట్టు వెంబడి నడిపిస్తూ, కరెంటు ఎక్కడ ముందుగా జారుతోందో వెతికి, ఆ చోట వేడిచేసి మాడ్చేస్తున్నారు. ఎడమ గట్టు మీద ఉంటే నిశ్చింత. తూము పక్కనే ఉంటే మాత్రం ఆ గదిలో అందరూ మాటలు ఆపేస్తారు. గండి పూడ్చబోయి తూము కాల్చేస్తే? అక్కడ కొన్ని మిల్లీమీటర్లే తేడా. మళ్లీ అదే ప్రశ్న. ఈ గుండెలో తీగ ఎక్కడుంది? పుస్తకం గుండెలో కాదు, ఈ గుండెలో.

ఒక చీటీ వచ్చింది. "మాస్టారూ, ఆఫీసు పరీక్షల్లో నా ఈసీజీకి ఇన్‌కంప్లీట్ రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ అని రాశారు. మూడు రోజులుగా నిద్ర లేదు." పేరు చదవను. బాబూ, బ్లాక్ అన్న మాట చూసి భయపడ్డారు. ఆ కుడి శాఖ సన్నటి తాడు అన్నాను కదా, అందులో కబురు కాస్త ఆలస్యంగా చేరితే అలా రాస్తారు. ఏ జబ్బూ లేని కుర్రవాళ్లలో కూడా ఇది తరచుగా కనపడుతుంది. నేను గుండె వైద్యుణ్ణి కాను, గుండెను కోసి చూసినవాణ్ణి మాత్రమే. స్పృహ తప్పడం, ఆయాసం, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు, ఇలాంటివి ఉంటే తప్పక చెప్పి వైద్యుడికి చూపించుకోండి. ఏమీ లేకపోయినా ఒకసారి చూపించుకుని ఆ మాట ఆయన నోటితో వినండి. ఈ రాత్రికి మాత్రం నిద్రపోండి.

సరే, గుడ్డ తీస్తున్నాను. టీ తాగేవాళ్లు వెళ్లవచ్చు. మిగిలినవాళ్లు బల్ల చుట్టూ రండి, పిల్లల్ని ముందు నిలబెట్టండి. కిటికీ రెక్కలు తీయండి ఎవరైనా. ఇదిగో, కుడి జఠరిక తెరిచాను. గోడనుంచి ఎదుటి గోడకు వంతెనలా అడ్డంగా ఉన్న ఈ కండరపు దూలం చూశారా? కుడి శాఖ దీని లోపలే ప్రయాణం చేస్తుంది. మీ గుండెలోనూ ఉంది, కొందరికి లావుగా, కొందరికి కనపడీ కనపడనట్టు. ఇప్పుడు ఎడమ జఠరిక. ఇక్కడ చూడండి, వీణ తీగలా బిగిసి ఉన్న తెల్లటి దారాలు. ఒకటి... ఇదిగో రెండోది. ఎడమ శాఖ పోగులు గోడ వదిలి గాలిలో వెళ్తున్న చోటు ఇది. మనిషి గుండెలో ఇలాంటి దారాలను టర్నర్ అనే ఆయన వర్ణించిందీ 1893లోనే, భలే సంవత్సరం. కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. ఇప్పుడు ఈ లోపలి గోడకు అయొడిన్ నీళ్లు రాస్తున్నాను. ఆ తంతువుల్లో గ్లైకోజన్ అనే నిల్వ పిండిపదార్థం ఎక్కువ కాబట్టి అవి ముదురు గోధుమరంగుకు తిరగాలి. తాజా గుండె కావాలి, పొద్దుటిది కాబట్టి ఆశ ఉంది. నిదానంగా... అదిగో. ఆకు ఈనెల్లా వస్తోంది చూడండి. పుర్కింజే చూసింది దీన్నే.

ఈ రెండో పళ్లెం ఎందుకు తెచ్చానో ఊహించే ఉంటారు. అదే కొట్టు, అదే మంద, అదే వయసు పొట్టేలు అని ఆ అబ్బాయి చెప్పాడు. దీన్ని ఇంకా కోయలేదు. దారాలు ఎన్ని ఉంటాయో, ఎటునుంచి ఎటు పోతాయో నాకూ తెలియదు. ఈ చేతొడుగులు ఎవరు వేసుకుంటారు? మీరా అమ్మాయీ? రండి. కత్తి అలా కాదు, కలం పట్టుకున్నట్టు పట్టుకోండి. ఇక్కడ, కొననుంచి మొదలుపెట్టండి.